గుండెలో రంధ్రం: ఆగాలా, డివైస్ వేయించాలా, ఆపరేషన్ చేయించాలా?

మా చిన్నదానికి నాలుగో ఏడు నడుస్తుండగా అంగన్‌వాడీకి డాక్టర్లు వచ్చారు. అందులో ఒకావిడ దాని ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు తీయలేదు. వీపు మీద కూడా పెట్టి విన్నారు. "ఒకసారి ఎకో తీయించండమ్మా" అన్నారు. ఎకో అంటే గుండెకు చేసే స్కానింగ్. వారం తిరక్కుండా మా చేతిలో ఒక కాగితం. అందులో 'ఓస్టియం సెకండమ్ ఏఎస్‌డీ, 16 మి.మీ.' అని ఒక వరస. పిల్లేమో హాస్పిటల్ వరండాలో చెంగుచెంగున గెంతుతోంది.

ఆ రోజు నుంచి చికిత్స అయ్యేదాకా ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో మాకు మూడు రకాల సలహాలు వచ్చాయి. ఆగితే అదే మూసుకుపోతుందని ఒకరు. తొడ దగ్గర్నుంచి గొడుగు లాంటిది పంపి మూసేస్తారు, రెండో రోజు ఇంటికొచ్చేయొచ్చని ఇంకొకరు. ఛాతీ తెరవక తప్పదని మరొకరు. ముగ్గురూ తాము చూసిన బిడ్డ గురించి నిజమే చెప్పారు. మా బిడ్డకు ఏది సరిపోతుందో చెప్పే వివరాలు మాత్రం ఆ కాగితంలో ఉన్నాయి, దాన్ని చదవడం మాకు రాలేదు. ఇప్పుడు అదే కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు రిపోర్టు చదువుదాం

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై గదుల మధ్య గోడలో చిల్లు ఉంటే ఏఎస్‌డీ, కింది గదుల మధ్య ఉంటే వీఎస్‌డీ. ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి, ఊపిరితిత్తుల్లో శుభ్రపడి ఒంటికి వెళ్లాల్సిన రక్తంలో కొంత చిల్లు గుండా కుడివైపు జారి మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. తోడిన నీళ్లు తిరిగి బావిలోనే పోస్తున్నట్టు. గుండెకు చాకిరీ పెరుగుతుంది, ఊపిరితిత్తులకు అక్కర్లేని వరద వస్తుంది. చికిత్స ఎందుకు, ఎప్పుడు అన్నది ఈ వరద ఎంత అన్నదాన్ని బట్టే.

రిపోర్టులో ఈ వరసలో వెతకండి.

*చిల్లు ఎక్కడ ఉంది?* సైజు కన్నా ముందు చూడాల్సింది ఇదే. ఏఎస్‌డీలో 'సెకండమ్' అంటే గోడ నడిమధ్యన. ఎక్కువమందికి ఉండేది ఇదే, మామూలుగా డివైస్ పట్టేదీ దీనికే. 'ప్రైమమ్' అయితే కింద కవాటాల పక్కన, 'సైనస్ వీనోసస్' అయితే పెద్ద సిర గుండెలో కలిసే చోట. ఈ రెండూ వాటంతట అవి మూసుకోవు, పిల్లలకు ఆపరేషనే దారి. వీఎస్‌డీలో 'మస్కులర్' కండర గోడలో ఉంటుంది, మూసుకునే అవకాశం దీనికి బాగా ఎక్కువ. 'పెరిమెంబ్రేనస్' బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) కవాటం కింద పల్చటి పొర దగ్గర ఉంటుంది. 'ఔట్‌లెట్' అనో 'సబ్‌ఆర్టీరియల్' అనో రాసి ఉంటే ఆ మాట కింద గీత గీసుకోండి, దాని సంగతి వేరే చెబుతాను.

*ఎంత పెద్దది?* మిల్లీమీటర్లు ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం. 5 మి.మీ. వీఎస్‌డీ నెల బిడ్డకు పెద్దది, పదేళ్లవాడికి చిన్నది. అందుకే డాక్టర్లు దాన్ని ఆ బిడ్డ బృహద్ధమని వెడల్పుతో పోలుస్తారు. అందులో మూడో వంతు లోపే ఉంటే చిన్నది, దాదాపు దానంతే ఉంటే పెద్దది. ఇంకో సంగతి: స్టెత్‌లో చప్పుడు గట్టిగా వినపడింది కాబట్టి చిల్లు పెద్దదని అనుకోవద్దు. చిన్న వీఎస్‌డీలే గోల ఎక్కువ చేస్తాయి.

*గదులు సాగాయా?* ఏఎస్‌డీలో కుడి గదులు, వీఎస్‌డీలో ఎడమ గదులు ఉబ్బుతాయి. 'డైలేటెడ్' అన్న మాట కోసం చూడండి. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం, ఒంటికి వెళ్లేదానికి ఒకటిన్నర రెట్లు దాటిందంటే సాధారణంగా మూయించాల్సిన చిల్లే.

*ఊపిరితిత్తుల ఒత్తిడి ఎంత?* 'పీహెచ్' అనో 'పీఏహెచ్' అనో ఉండి, పక్కన మైల్డ్, మోడరేట్, సివియర్ అని రాస్తారు. మనకున్న వ్యవధి ఎంతో చెప్పేది ఈ మాటే.

*అంచులు ఉన్నాయా?* డివైస్ పట్టి నిలబడాలంటే చిల్లు చుట్టూ గోడ మిగిలి ఉండాలి. మామూలుగా 5 మి.మీ. ఉంటే చాలంటారు. మా కథ మలుపు తిరిగింది ఇక్కడే.

అప్పుడే పుట్టిన బిడ్డ రిపోర్టులో 'పీఎఫ్‌ఓ' అని ఉంటే కంగారు పడకండి. కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉండే తలుపు అది. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోకుండానే ఉంటుంది.

మొదటి దారి: ఆగి చూడటం

మా అక్క కొడుకు పుట్టినప్పుడు అంతా బాగుందనే చెప్పి పంపారు. నెలన్నర టీకాకు వెళ్తే డాక్టర్‌కి చప్పుడు వినపడింది. ఎకోలో 3 మి.మీ. మస్కులర్ వీఎస్‌డీ. పద్నాలుగో నెలలో తీసిన ఎకోలో అది లేదు. మందు లేదు, పథ్యం లేదు. చెప్పిన తేదీకల్లా చంకనేసుకుని వెళ్లి చూపించుకోవడమే మా అక్క చేసింది.

చిన్న మస్కులర్ వీఎస్‌డీలు చాలావరకు మొదటి రెండేళ్లలో ఇలాగే మూసుకుపోతాయి. పసిబిడ్డలో 3 మి.మీ. లోపు ఏఎస్‌డీ దాదాపుగా మూసుకుపోతుంది. 8 మి.మీ. దాటినది మూసుకోవడం అరుదు. మా దానిది 16 అని, వయసు నాలుగని చూసుకుంటే, ఆగమన్న సలహా మాకు వర్తించదని ఆ రోజే తెలిసి ఉండేది.

పెద్ద వీఎస్‌డీ ఉన్న పసిబిడ్డతో ఇంకో తిరకాసు ఉంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి చిల్లు గుండా ఎక్కువ రక్తం పోదు, బిడ్డ మామూలుగానే ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆ నాళాలు సడలుతాయి, అప్పుడు మొదలవుతుంది. పాలు తాగేటప్పుడు బిడ్డను చూడండి. నాలుగు గుక్కలు తాగి వదిలేసి రొప్పుతుందా, నుదుటి మీద చెమట పట్టి తల కింది గుడ్డ తడుస్తోందా, సగం తాగకుండానే అలిసి నిద్రపోతోందా, ఊపిరి తీస్తే పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయా. మొదటి నెలల్లో బిడ్డ రోజుకు పాతిక, ముప్పై గ్రాములు పెరగాలి. వారానికొకసారి ఒకే తూకం మీద పెట్టి రాసుకోండి. ఆ కాగితం చూస్తే డాక్టర్‌కి సగం విషయం తెలిసిపోతుంది.

ఇలాంటి బిడ్డకు ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్ లాంటి మందులు ఇస్తారు, పాలలో బలం పెంచే పొడి కలపమంటారు. అవి చిల్లును మూయవు. బిడ్డను ఆపరేషన్ దాకా నిలబెడతాయి, కొందరిలో చిల్లు చిన్నదయ్యేదాకా తోడుంటాయి. ఏ ఆకు పసరూ, ఏ తాయెత్తూ ఆ గోడను అతికించదు.

ఆగడం ప్రాణాంతకమయ్యేది ఎప్పుడో కూడా చెప్పాలి. మా పెద్దమ్మగారి ఊళ్లో ఒక పిల్లాడికి పెద్ద వీఎస్‌డీ అని పసితనంలోనే తెలిసింది. రెండేళ్లొచ్చేసరికి రొప్పు తగ్గింది, జలుబులు తగ్గాయి. మూసుకుపోయిందనుకుని చూపించడం మానేశారు. తొమ్మిదో ఏట పెదాలు నీలంగా, వేళ్ల చివర్లు ఉబ్బి హాస్పిటల్‌కు వచ్చాడు. మధ్యలో జరిగింది ఏమిటంటే, ఏళ్ల తరబడి వరద తట్టుకోలేక ఊపిరితిత్తుల నాళాలు మందమై గట్టిపడిపోయాయి. కుడివైపు ఒత్తిడి ఎడమను మించిపోయి, చెడు రక్తం చిల్లు గుండా ఒంట్లోకి రావడం మొదలైంది. దీన్ని ఐసెన్‌మెంగర్ అంటారు. ఆ దశకు వచ్చాక చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు, అందుకని మూయరు. బిడ్డ బాగుపడుతున్నట్టు కనిపించిన ఆ రోజుల్లోనే గడువు దాటిపోయింది. అందుకే ఆగమని ఎవరన్నా చెబితే, మళ్లీ ఎకో ఏ తేదీన అని అడగండి. తేదీ లేని ఆగడం వద్దు.

రెండో దారి: డివైస్

తొడ మొదట్లో ఉన్న సిర గుండా సన్నటి గొట్టం గుండె దాకా పంపి, మడిచిన డివైస్‌ను చిల్లులో విప్పుతారు. నిటినాల్ అనే నికెల్-టైటానియం తీగతో అల్లిన రెండు చక్రాలు, గోడకు అటొకటి ఇటొకటి, మధ్యలో చిన్న మెడ. చొక్కా గుండీ రెండు వైపులా ఉన్నట్టు ఊహించుకోండి. అమెరికాలో ఆంప్లాట్జర్ డివైస్‌కు 2001లో అనుమతి వచ్చింది, ఆ తర్వాత సెకండమ్ ఏఎస్‌డీకి ప్రపంచమంతా ఇదే మొదటి ఎంపిక అయింది.

గుండెను ఆపరు, ఎముక కోయరు, మచ్చ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. మూడు నుంచి ఆరు నెలల్లో డివైస్ మీద మన లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. అప్పటిదాకా, అంటే ఆరు నెలలు, ఆస్పిరిన్ వేసుకోవాలి. దంతాలు పీకించాల్సి వస్తే ముందుగా యాంటీబయాటిక్ తీసుకోవాలి. కొన్ని వారాలు దూకుళ్లు, కుస్తీలు వద్దంటారు.

మరి లోటేమిటి? అంచులు చాలకపోతే డివైస్ జారిపోవచ్చు. అలా జరిగితే గొట్టంతోనే పట్టి తీస్తారు, కుదరకపోతే ఆపరేషన్. బహు అరుదుగా డివైస్ అంచు గుండె గోడను ఒరుసుకుని చిల్లు చేస్తుంది, ఇది కొన్ని నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు. కాబట్టి ఇంటికొచ్చాక ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరాడకపోవడం ఉంటే ఎమర్జెన్సీకి వెళ్లాలి, డివైస్ ఉందని మొదటి మాటగా చెప్పాలి. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. పిల్ల బరువు 15 కిలోలు దాటితే పని సులువు, అంతకన్నా తక్కువలోనూ అవసరాన్ని బట్టి చేస్తారు.

వీఎస్‌డీ దగ్గర మాత్రం నేను ఇంత ధీమాగా చెప్పను. మస్కులర్ రకానికి డివైస్ బాగా పనికొస్తుంది. పెరిమెంబ్రేనస్ పక్క నుంచే గుండెకు కరెంటు మోసే తీగ పోతుంది, డివైస్ దాన్ని నొక్కితే గుండె కొట్టుకోవడం మందగించి పేస్‌మేకర్ అవసరం పడొచ్చు, అదీ ఆలస్యంగా బయటపడొచ్చు. కొత్తగా వచ్చిన మెత్తటి డివైస్‌లతో మన దగ్గరా చేస్తున్నారు. కానీ ఇలాంటివి ఈ టీమ్ ఎన్ని చేసింది, ఎందరికి బ్లాక్ (ఆ కరెంటుకు అడ్డం) వచ్చింది అని అడగకుండా ఒప్పుకోవద్దు.

మూడో దారి: ఆపరేషన్

మా పిల్లను డివైస్‌కే సిద్ధం చేశారు. మత్తిచ్చి ఆహారనాళం గుండా ఎకో చేశాక డాక్టర్ బయటికొచ్చి కాగితం మీద బొమ్మ గీశారు. చిల్లు గుండ్రంగా గీసి, కింది వైపు గోడ గీయకుండా వదిలేశారు. "ఇక్కడ పట్టుకోడానికి ఏమీ లేదమ్మా. పెట్టొచ్చు, నిలుస్తుందన్న నమ్మకం లేదు." ఆ రోజు కారిడార్‌లో కూర్చుని ఏడ్చాను. ఆడపిల్ల, ఛాతీ మీద గీత అని మా అత్తగారు కూడా ఏడ్చారు. ఇప్పుడు ఆ డాక్టర్ గుర్తొస్తే దండం పెట్టాలనిపిస్తుంది. పెట్టకుండా బయటికి రావడానికే ఎక్కువ నిజాయితీ కావాలి.

గుండె ఆపరేషన్లలో చాలా పాతది, బాగా నలిగిన దారి ఇది. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్‌తో విజయవంతంగా చేసిన మొదటి ఆపరేషన్ ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఏఎస్‌డీ మూయడమే. ఇవాళ మంచి సెంటర్లలో ఏఎస్‌డీ ఆపరేషన్‌లో ప్రాణాపాయం నూటికి ఒకటి కన్నా తక్కువ, వీఎస్‌డీలో ఒకటి రెండు లోపు. చిల్లుకు కుట్లు వేస్తారు, లేదా గుండె చుట్టూ ఉండే బిడ్డ సొంత పొర ముక్కతోనో సింథటిక్ గుడ్డతోనో ప్యాచ్ వేస్తారు. ఏ ఆకారమైనా, ఏ మూలనున్నా మూయొచ్చు, అంచులతో పని లేదు. వీఎస్‌డీ ఆపరేషన్‌లోనూ కరెంటు తీగ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే అవకాశం సుమారు నూటికి ఒకరికి ఉంటుంది.

ఐదు నుంచి ఏడు రోజులు హాస్పిటల్. ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ బిడ్డను చంకల కింద చేతులేసి ఎత్తకూడదు. ఒక చేయి వీపు కింద, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. ఇంట్లో తాతయ్యలకు, మేనమామలకు ఇది నేర్పడమే మాకు పెద్ద పనైంది. ఒకటి రెండు వారాలయ్యాక జ్వరం, ఛాతీ నొప్పి, రొప్పు వస్తే గుండె చుట్టూ నీరు చేరిందేమో చూపించాలి. వైరల్ జ్వరమని ఇంట్లో సిరప్ పోసి కూర్చోవద్దు.

మచ్చ గురించి: కొన్ని సెంటర్లలో ఏఎస్‌డీ, కొన్ని రకాల వీఎస్‌డీ చంక కింద పక్క కోతతో చేస్తారు. మచ్చ చేయి కింద దాగిపోతుంది. అయితే ఆడపిల్లలకు రొమ్ము ముందుభాగంలో పెట్టే కోత పెద్దయ్యాక రొమ్ము ఎదుగుదలకు అడ్డొచ్చే ప్రమాదం ఉంది కాబట్టి కోత సరిగ్గా ఎక్కడో వేలితో చూపించమని అడగండి. చిన్న కోత కోసం అలవాటు లేని చేతికి అప్పగించడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఇంకొక మాట. చిల్లులు జల్లెడలా చాలా ఉన్నా, బిడ్డ మరీ చిన్నగా ఉన్నా ముందు ఊపిరితిత్తుల ధమనికి బ్యాండ్ కట్టి వరద తగ్గిస్తారు, తర్వాత అసలు ఆపరేషన్. రెండుసార్లు లోపలికి వెళ్లాలి కాబట్టి ఒకేసారి మూయగలిగితే అదే మేలు.

| | ఆగి చూడటం | డివైస్ | ఆపరేషన్ |
|---|---|---|---|
| ఎవరికి | చిన్న చిల్లు, గదులు మామూలుగా, పీహెచ్ లేకుండా | అంచులున్న సెకండమ్ ఏఎస్‌డీ, మస్కులర్ వీఎస్‌డీ, ఎంపిక చేసిన పెరిమెంబ్రేనస్ | ప్రైమమ్, సైనస్ వీనోసస్, అంచుల్లేని ఏఎస్‌డీ, పసిబిడ్డల పెద్ద వీఎస్‌డీ, ఔట్‌లెట్ వీఎస్‌డీ |
| హాస్పిటల్‌లో | చెకప్ రోజు మాత్రమే | 1–2 రోజులు | 5–7 రోజులు |
| మచ్చ | లేదు | లేదు | ఉంటుంది |
| తర్వాత | చెప్పిన తేదీకి ఎకో | 6 నెలలు ఆస్పిరిన్, ఏళ్ల తరబడి ఎకో | 6 వారాల జాగ్రత్త, తర్వాత చెకప్‌లు |
| అసలు భయం | చూపించడం మానేయడం | జారడం, ఒరుసుకోవడం, వీఎస్‌డీలో బ్లాక్ | మత్తు, ఇన్ఫెక్షన్, వీఎస్‌డీలో బ్లాక్ |

మీ ఇంట్లో పరిస్థితి ఏది?

*రెండు మూడు నెలల బిడ్డ, పెద్ద వీఎస్‌డీ, పీహెచ్ సివియర్.* ఇక్కడ ఎంపిక అంటూ లేదు. ఆరు నెలల లోపు ఆపరేషన్. "బరువు పెరగనీ, పది కిలోలు రానీ" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వరద వల్లే బరువు పెరగడం లేదు, మూస్తేనే పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, ఊపిరితిత్తులు ఇంకా త్వరగా గట్టిపడతాయి. వీళ్లకు వ్యవధి మరీ తక్కువ.

*బడికెళ్లే పిల్ల, సెకండమ్ ఏఎస్‌డీ, ఏ ఇబ్బందీ లేదు.* మాలాంటి వాళ్లు. ఊపిరి పీల్చుకోండి, ఒక వారంలో తేల్చాల్సిన పని లేదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మూయిస్తే చాలు. రెండో అభిప్రాయానికి వ్యవధి ఉంది, తీసుకోండి. ఇబ్బందేమీ లేదు కదా అని వదిలేస్తే ముప్పై, నలభై దాటాక గుండె లయ తప్పడం, కుడివైపు అలసిపోవడం, పక్షవాతం ముప్పు వస్తాయి.

*ఔట్‌లెట్ వీఎస్‌డీ, చిన్నదే.* గీత గీసుకోమన్నది ఇందుకే. చిల్లు చిన్నదైనా బృహద్ధమని కవాటం రెక్క అందులోకి జారి, కవాటం కారడం మొదలవుతుంది. ఆసియా దేశాల పిల్లల్లో ఈ రకం ఎక్కువ. 'ఏఆర్' (ఆ కవాటం కారుతోందని అర్థం) అన్న మాట రిపోర్టులో కొత్తగా చేరితే సైజు చూసుకుని ఆగకండి, సర్జన్‌ను కలవండి.

*పెళ్లయ్యాక, కడుపుతో ఉన్నప్పుడు బయటపడిన ఏఎస్‌డీ.* ఊపిరితిత్తుల ఒత్తిడి మామూలుగా ఉంటే చాలామందికి కాన్పు బాగానే జరుగుతుంది, తర్వాత డివైస్ వేయించుకోవచ్చు. ఒత్తిడి బాగా పెరిగి ఉంటే గర్భం తల్లి ప్రాణానికే ప్రమాదం. సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్ల గుండె సంగతి దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి దాచొద్దు.

డబ్బు, చోటు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ చికిత్సలకు పెద్ద ఆసరా. తెలంగాణలో అది రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. హాస్పిటల్‌లోని ఆరోగ్యమిత్రను ముందుగా కలవండి. డివైస్, ఆపరేషన్ రెండిటికీ అనుమతి ఎలా వస్తుందో, విడిగా కట్టాల్సింది ఏమైనా ఉందో రాయించుకోండి. అంగన్‌వాడీలో, బడిలో చూసే డాక్టర్ల బృందాలు 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద వస్తాయి. వాళ్లు రాసిచ్చే కాగితం జిల్లాలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రం) తీసుకెళ్తే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అక్కడి నుంచి పై హాస్పిటల్‌కు దారి దొరుకుతుంది.

తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల గుండె కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. పుట్టపర్తి సత్యసాయి హాస్పిటల్ 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. దగ్గరా, పేరున్నదా అన్న మీమాంస వస్తే, పిల్లల గుండె ఆపరేషన్లు రోజూ చేసే చోటునే ఎంచుకోండి. పెద్దల బైపాస్‌లు ఎన్ని చేసినా, నాలుగు కిలోల బిడ్డను ఐసీయూలో రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులు వేరు.

డాక్టర్‌ను అడగాల్సినవి

చిల్లు ఏ రకం, గదులు సాగాయా, పీహెచ్ ఉందా. ఇప్పుడే మూయకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్లు ఆగొచ్చు. డివైస్ కుదరకపోతే అదే రోజు ఆపరేషన్ చేస్తారా, మళ్లీ రావాలా. ఈ టీకా ఎప్పుడు, ఆ టీకా ఎప్పుడు: మామూలు టీకాలు ఆపనక్కర్లేదు, ఆపరేషన్‌లో రక్తం ఎక్కిస్తే ఎంఎంఆర్ లాంటివి కొన్ని నెలలు జరపాలేమో కనుక్కోండి. తర్వాతి కాన్పుకు పద్దెనిమిది, ఇరవై రెండు వారాల మధ్య కడుపులో బిడ్డ గుండెకు ఎకో తీయించుకోవచ్చు, అదీ అడగండి.

తల్లులకు ఒక్క మాట. "గ్రహణం పూట బయటికొచ్చావా" అని నన్నూ అడిగారు. గుండె గోడలు గర్భం నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు కట్టుకుంటాయి. నెల తప్పిందని మనకు సరిగ్గా తెలిసేలోపే మొదలైపోయే పని అది. రుబెల్లా, అదుపు తప్పిన షుగర్, కొన్ని మందులు, మేనరికం ముప్పును పెంచుతాయి. ఎక్కువమందిలో కారణమే దొరకదు. గ్రహణానికి దీనికి సంబంధం లేదు.

ఇక ఫైలు. మొదటి ఎకో నుంచి ప్రతి రిపోర్టూ తేదీ వరసలో పెట్టండి. డివైస్ వేస్తే దాని కంపెనీ, సైజు రాసిన కార్డు ఇస్తారు, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎమ్మారై తీసేవాళ్లు, పళ్ల డాక్టర్లు అడుగుతారు. మా దాని ఫైలు అట్ట మీద తనే రంగు పెన్సిల్‌తో ఒక గుండె బొమ్మ వేసి, మధ్యలో చతురస్రంగా ప్యాచ్ కూడా గీసుకుంది. వచ్చే ఎకో తేదీ నేను ఆ బొమ్మ కిందే రాసిపెట్టాను.